టెర్రస్ తాళం ఎవరి దగ్గర ఉంది?



నవంబర్ 5 ప్రపంచ సునామీ అవగాహన దినం. ఐక్యరాజ్యసమితి 2015లో దీన్ని ప్రకటించింది. చిల్డ్రన్స్ డే డ్యాన్సుల ప్రాక్టీసులో, యూనిట్ టెస్టుల సిలబస్ పరుగులో ఈ తేదీ ఎవరికీ గుర్తుండదు. నేను పనిచేసే బ్రాంచి బందరులో ఉంది, ఎనిమిదో తరగతికి ఇంగ్లిష్ మీడియంలో సోషల్ చెప్తాను. గత నెల ఒక పీరియడ్ మొత్తం సునామీ గురించే మాట్లాడుకున్నాం. ఆ తర్వాత పీటీఎంలో మీలో కొందరు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. ఒకటి, "నిజంగా మన దగ్గరికి మళ్ళీ సునామీ వస్తుందా?" రెండోది, "రాని దాని గురించి చెప్పి పిల్లల్ని భయపెట్టడం ఎందుకు?" పీటీఎంలో ఒక్కో పేరెంట్‌కి దొరికేది ఐదు నిమిషాలు. అందులో సగం మార్కులకే పోతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు నా సమాధానం: ఈ ఏడాది వచ్చే అవకాశం చాలా తక్కువ. మీ అబ్బాయి, అమ్మాయి జీవితకాలంలో వచ్చే అవకాశం మాత్రం మీరనుకునేంత తక్కువ కాదు.

2004 డిసెంబర్ 26 సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మీ పిల్లలకు మాత్రం అది పుస్తకంలో చరిత్ర. ఆ రోజు ఉదయం మన టైం ప్రకారం ఆరున్నరకు సుమత్రా దీవి పక్కన సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. సుమత్రా నుంచి అండమాన్ దాకా దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవున భూమి పొర జారింది. ఒక పలక ఇంకో పలక కిందికి దూరే చోట అది. పైపలక ఒక్కసారిగా ఎగదన్నింది, దానితోపాటు మీద ఉన్న సముద్రమూ లేచింది. రెండున్నర గంటల తర్వాత, తొమ్మిది గంటల ప్రాంతంలో, ఆ నీళ్ళు చెన్నైకి, విశాఖకు చేరాయి. పద్నాలుగు దేశాల్లో సుమారు రెండు లక్షల ముప్పై వేల మంది పోయారు. తమిళనాడులో సుమారు ఎనిమిది వేల మంది, మన రాష్ట్రంలో వందకు పైగా.

మన దగ్గర వందతో ఎందుకు ఆగింది? సునామీ బలం ఎక్కువగా పగులు పొడవుకు అడ్డంగా ఉన్న దిక్కులోకి పోతుంది. 2004లో పగులు ఉత్తర దక్షిణాలుగా ఉంది, ఎక్కువగా జారింది దాని దక్షిణ భాగం. కాబట్టి పెద్ద దెబ్బ శ్రీలంక, తమిళనాడు వైపు పడింది. మనం కాస్త పక్కకున్నాం. మన తీరానికి ఎదురుగా ఉన్నది ఉత్తర అండమాన్. అక్కడి నుంచి బందరుకు వెయ్యి కిలోమీటర్లకు పైనే. అయితే లోతైన సముద్రంలో సునామీ గంటకు ఆరేడు వందల కిలోమీటర్ల వేగంతో, అంటే విమానంతో పోటీగా, వస్తుంది. పది మీటర్ల లోతుకు చేరేసరికి గంటకు 36 కిలోమీటర్లకు తగ్గుతుంది, ఆ తగ్గిన మేర ఎత్తు పెరుగుతుంది. మీ స్కూటీ వేగమే కదా అనుకోకండి, ఇసుకలో మనం అంత వేగంగా పరుగెత్తలేం.

మళ్ళీ ఎప్పుడు వస్తుందన్న దానికి శాస్త్రవేత్తలు వెతికిన చోటు ఆసక్తిగా ఉంటుంది. పాత రికార్డులు ఎంతో వెనక్కి వెళ్ళవు. 1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ దగ్గర భూకంపం వచ్చినప్పుడు మన తూర్పు తీరంలోని ఆటుపోట్ల కొలమానాలు చిన్న సునామీని నమోదు చేశాయి. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు కూడా అంతే. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే నేలను తవ్వాలి. సునామీ లోపలికి వచ్చినప్పుడు సముద్రపు ఇసుకను పొరలా పరిచి పోతుంది. థాయ్‌లాండ్‌లోని ఫ్రా థాంగ్ దీవిలో అలా తవ్వితే 2004 పొర కింద, దానికి ముందు వచ్చిన పెద్ద సునామీ పొర దొరికింది. దాని వయసు సుమారు 550 నుంచి 700 ఏళ్ళు. సుమత్రాలోని ఆచే తీరంలో ఒక గుహ ఉంది. అందులో గబ్బిలాల రెట్టకూ ఇసుకకూ మధ్య ఒకదాని మీద ఒకటి పొరలున్నాయి. సుమారు 7,400 ఏళ్ళ క్రితం నుంచి 2,900 ఏళ్ళ క్రితం దాకా కనీసం పదకొండు సునామీలు అక్కడ ముద్ర వేసి వెళ్ళాయి. మా పిల్లలకు బాగా నచ్చింది ఈ గబ్బిలాల రెట్ట కథే, వయసు అలాంటిది. నాకు ముఖ్యమనిపించింది వేరే సంగతి. ఆ పదకొండూ సమాన దూరంలో లేవు. కొన్ని కొద్ది దశాబ్దాల తేడాలో వచ్చాయి. ఒకచోట రెండు వేల ఏళ్ళకు పైగా ఏమీ రాలేదు. అంటే సగటు తీసి, "పోయినసారి 2004, కాబట్టి మనకు ఇంకో ఐదొందల ఏళ్ళు ఢోకా లేదు" అనుకోవడానికి వీల్లేదు.

అయినా లెక్క కోసం ఒక మోటు సగటు తీసుకుందాం. ఐదు వందల ఏళ్ళకు ఒకటి అనుకోండి. ఏడాదికి ఐదు వందల్లో ఒక వంతు అవకాశం. ఇది విని మీరు నిశ్చింతగా పడుకోవచ్చు. ఒక బిడ్డ 75 ఏళ్ళు బతుకుతుందనుకుంటే, ఆ 75 ఏళ్ళలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం ఏడింట ఒక వంతు. మా మ్యాథ్స్ సార్‌తో చూపించాను, సరేనన్నారు. ఇది జోస్యం కాదు. 2004లో ఒత్తిడి వదిలిన భాగం ఇప్పుడిప్పుడే మళ్ళీ అంతగా జారకపోవచ్చు, ఇంకో భాగం ముందు జారవచ్చు. ఉత్తరాన అరకాన్ తీరం ఉంది, అక్కడ 1762లో పెద్ద భూకంపం వచ్చింది. కాకపోతే ఇది దేవుడి దయ అని వదిలేసే అంకె కాదు. ఏడింట ఒక వంతు అవకాశం ఉందంటే మనం ఎంసెట్ సీటు కోసం కౌన్సెలింగ్‌కు వెళ్తాం కదా!

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. మన డెల్టాకు సునామీ కంటే ఎన్నో రెట్లు దగ్గరి శత్రువు తుఫానుతో వచ్చే ఉప్పెన. ఈ నవంబర్ నెలే అందుకు సాక్షి. 1864 నవంబర్ 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది పోయారు. 1977 నవంబర్ 19న దివిసీమలో సుమారు పది వేల మంది. దివిసీమలో అరవై దాటిన ఎవర్నైనా కదిపితే ఆ రాత్రి ఇప్పటికీ వాళ్ళ గొంతులో ఉంటుంది. ఉప్పెనకూ సునామీకీ కారణం వేరు, ఒకటి గాలి తోస్తుంది, ఇంకోటి భూమి తోస్తుంది. పల్లపు నేలకు మాత్రం రెండూ ఒకటే. కోనసీమ, దివిసీమ, కొల్లేటి కింది ఊళ్ళు సముద్రానికి ఎన్నో మీటర్ల ఎత్తున లేవు. నీళ్ళు బీచి దగ్గర ఆగవు. నది మొగల్లోంచి, ఉప్పుటేరులోంచి, కాలువల్లోంచి లోపలికి ఎక్కుతాయి. మడ అడవులు, సరుగుడు తోటలు కొంత అడ్డుకుంటాయి, అదీ అవి మిగిలి ఉన్న చోట.

ఉప్పెన విషయంలో మనం నేర్చుకున్నాం. 1977 తర్వాత తుఫాను షెల్టర్లు కట్టారు, ముందుగా జనాన్ని ఖాళీ చేయించడం అలవాటైంది. 1990 మేలో దాదాపు అంతే బలమైన తుఫాను ఇదే తీరాన్ని తాకితే మృతులు వెయ్యి లోపే. గాలి తగ్గలేదు, సముద్రం దయ చూపలేదు. చెప్పేవాళ్ళు ముందు చెప్పారు, వినేవాళ్ళు విన్నారు. తుఫానుకు మనకు రెండు మూడు రోజులు ఉంటాయి. సునామీకి ఉండేది రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ఏం చేయాలో మనం ఇంకా నేర్చుకోలేదు.

ఆ రెండు గంటలూ నిజంగా మన చేతికి వస్తాయా అంటే, 2004తో పోలిస్తే ఇప్పుడు వస్తాయి. మన హైదరాబాద్‌లోనే, నిజాంపేట పక్కన ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. ఆ చుట్టుపక్కల మన బ్రాంచీల్లో చదివే పిల్లలు రోజూ దాని గేటు ముందు నుంచే బస్సులో వెళ్తుంటారు. 2007 అక్టోబర్ నుంచి దేశానికంతటికీ సునామీ హెచ్చరికలు వచ్చేది అక్కడి నుంచే. సముద్రం లేని ఊళ్ళో సముద్రాన్ని కాపలా కాసే ఆఫీసు! భూకంపం వచ్చిన సుమారు పది నిమిషాల్లో మొదటి బులెటిన్ వస్తుంది. ఆపైన సముద్రం అడుగున నీటి ఒత్తిడిని కొలిచే పరికరాలు, తీరంలోని కొలమానాలు చూసి, ముప్పు నిజమా కాదా తేలుస్తారు. ప్రతి పెద్ద భూకంపమూ సునామీ తేదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో వచ్చింది, చెన్నైలో జనం ఆఫీసుల్లోంచి బయటికి పరుగెత్తారు. అక్కడ నేల పక్కకు జారిందే తప్ప పైకి ఎగదన్నలేదు, పెద్ద అల రాలేదు. అలాంటప్పుడు "హెచ్చరిక ఇచ్చారు, ఏమీ రాలేదు" అని నవ్వుకోవడం మన అలవాటు. ఏమీ రాకపోవడమే మనకు కావలసింది.

వాట్సాప్‌లో వచ్చే "ఫలానా తేదీన సునామీ" మాటలను మాత్రం నిరభ్యంతరంగా డిలీట్ చేయండి. భూకంపం ఏ రోజు వస్తుందో ముందుగా చెప్పగలిగే మనిషి ప్రపంచంలో లేడు. 2004లో సునామీ వచ్చిన నాలుగు రోజులకే, డిసెంబర్ 30న, ఢిల్లీ నుంచి ఇంకో సునామీ అన్న హెచ్చరిక వచ్చి తీరమంతా పరుగులు పెట్టింది. అది ఉత్తదని తేలింది. పరుగులో పడిపోయినవాళ్ళకు ఆ భయం ఉత్తది కాదు.

ఇక మీ రెండో ప్రశ్న, పిల్లల్ని భయపెట్టడం గురించి. ఇందులో నేను మీతో ఏకీభవించను.

2004లో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌కు సెలవులకు వచ్చిన ఇంగ్లండ్ అమ్మాయి టిల్లీ స్మిత్‌కు అప్పుడు పదేళ్ళు. మై ఖావ్ బీచిలో నీళ్ళు నురగలు కక్కుతూ, ఆటుపోటులా వెనక్కి పోకుండా పైపైకే వస్తుండడం చూసింది. రెండు వారాల కిందట జాగ్రఫీ క్లాసులో విన్న పాఠం గుర్తొచ్చింది. అమ్మానాన్నలను కదిలించే దాకా ఊరుకోలేదు. ఆ బీచిలో సుమారు వంద మంది ప్రాణాలు నిలిచాయి. జీతం తీసుకునే ప్రతి టీచరూ ఈ కథ విని ఒకసారి ఒళ్ళు గగుర్పొడిచి, తర్వాత తన రికార్డు పుస్తకం తీసి ఆ పాఠం ఎంత తొందరగా లాగించేశామో చూసుకుంటారు. ఆ అమ్మాయి సముద్రం పక్కన పుట్టిన పిల్ల కాదు, టూరిస్టు. హైదరాబాద్, వరంగల్, కరీంనగర్ బ్రాంచీల తల్లిదండ్రులు ఈ వ్యాసం తమకు కాదనుకుంటే, మీ వేసవి ఫోటోలు ఒకసారి చూసుకోండి. ఆర్కే బీచి, సూర్యలంక, గోవా, అండమాన్, కొందరికి ఏకంగా ఫుకెట్టే.

ఇండోనేషియాలో సిమ్యులూ అనే దీవి ఉంది. 2004 భూకంప కేంద్రానికి చాలా దగ్గర. అల నిమిషాల్లో వచ్చేసింది, సైరన్ లేదు, ఫోన్ లేదు. దాదాపు 78,000 జనాభాలో పోయింది ఏడుగురు. కారణం 1907లో అక్కడొచ్చిన సునామీ. దాన్ని వాళ్ళు "స్మాంగ్" అంటారు. భూమి గట్టిగా ఊగితే కొండెక్కు అని బామ్మలు జోలపాటల్లో, కథల్లో మనవలకు చెప్తూ వచ్చారు. ఆ పిల్లలు భయంతో పెరగలేదు. ఏం చేయాలో తెలిసి పెరిగారు.

ఒక్క విషయంలో మాత్రం సినిమాల్లో చూసింది నమ్మొద్దని క్లాసులో గట్టిగా చెప్పాను, మీకూ చెప్తున్నాను. "సునామీకి ముందు సముద్రం వెనక్కి పోతుంది, అది చూసి పరుగెత్తాలి" అని అందరికీ తెలుసు. అది అన్ని చోట్లా నిజం కాదు. 2004లో థాయ్‌లాండ్ వైపు నీళ్ళు ముందు వెనక్కి పోయాయి, ఎందుకంటే పగులుకు ఆ వైపు నేల కుంగింది. మన వైపు నేల లేచింది. కాబట్టి మన తీరానికి ముందు వచ్చింది పొంగే. వెనక్కి పోవడం తర్వాత జరిగింది, అప్పుడు చేపలు ఏరుకోవడానికి దిగినవాళ్ళను మళ్ళీ వచ్చిన అల పట్టుకుంది. సునామీ అంటే ఒక్క అల కాదు, గంటల తరబడి వచ్చిపోయే అలల వరుస. మొదటిదే పెద్దది కానక్కర్లేదు. కాబట్టి సముద్రం వెనక్కి పోతుందేమోనని నిలబడి చూడకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2004 డిసెంబర్ 26 ఆదివారం. పౌర్ణమి కూడా. తీరంలో జనం ఉన్నారు, బళ్ళలో ఎవరూ లేరు. అదే సోమవారం అయి ఉంటే? తొమ్మిది గంటలంటే మన బస్సులు సగం దారిలో ఉండే టైం. అసెంబ్లీలో ప్రతిజ్ఞ చెప్పించే టైం. ఆ ఉదయం ఏడింటికి హెచ్చరిక వచ్చిందనుకోండి, బస్సు ఆగాలా, నడవాలా? బయల్దేరిన పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలి? మీరు బైకు మీద స్కూలుకు పరుగెత్తుకొస్తారా? వస్తారు, నాకు తెలుసు. వర్షం గట్టిగా పడితేనే గేటు దగ్గర మూడొందల బైకులు ఉంటాయి.

దీని మీద జపాన్ అనుభవం రెండు వైపులా కోస్తుంది. 2011 మార్చి 11న కమైషి పట్నంలో దాదాపు మూడు వేల మంది బడిపిల్లల్లో అతి కొద్దిమంది తప్ప అందరూ బతికారు. ఉనొసుమయి అనే చోట జూనియర్ హైస్కూలు పిల్లలు మైకు కోసం ఎదురుచూడకుండా పరుగు తీశారు. పక్క ప్రైమరీ స్కూలు పిల్లలు వాళ్ళను చూసి వెంటపడ్డారు. మొదట చేరిన చోటు సరిపోదనిపించి ఇంకా పైకి వెళ్ళారు. ఆ ప్రాంతంలో "తెన్‌దెన్‌కో" అని పాత మాట ఉంది. ఎవరికి వారే పరుగెత్తండి అని. వినడానికి మనకు కఠినంగా ఉంటుంది. అమ్మను వదిలేసి, నాయనమ్మను వదిలేసి ఎలా వెళ్తాం? దాని అసలు అర్థం నాకు తర్వాత తెలిసింది. బిడ్డ ఇప్పటికే పరుగెత్తి ఉంటుందని తల్లికి నమ్మకం, తల్లి ఇప్పటికే వెళ్ళి ఉంటుందని బిడ్డకు నమ్మకం. ఆ నమ్మకం ముందే కుదిరి ఉంటే ఒకరి కోసం ఒకరు వెనక్కి రారు. ముందే కూర్చుని మాట్లాడుకోకపోతే అది కుదరదు.

అదే రోజు ఇషినొమకిలో ఒకావా ప్రైమరీ స్కూలు. సముద్రానికి దాదాపు నాలుగు కిలోమీటర్ల లోపల, నది ఒడ్డున. ప్రమాద మ్యాపులో ఆ స్కూలు సునామీ పరిధిలో లేదు. పైగా అదే ఊరికి ఆశ్రయ కేంద్రం. భూకంపం తర్వాత పిల్లల్ని గ్రౌండులో వరుసలో నిలబెట్టారు. వెనకనే కొండ ఉంది. ఎక్కడికి తీసుకెళ్ళాలో తేల్చుకోవడానికి దాదాపు యాభై నిమిషాలు పట్టింది. సునామీ నదిలోంచి ఎక్కి వచ్చింది. స్కూలు చేతిలో ఉన్న 78 మంది పిల్లల్లో 74 మంది పోయారు, అక్కడున్న 11 మంది టీచర్లలో 10 మంది కూడా. స్కూలు ముందుగా సరైన ప్లాను సిద్ధం చేసుకోకపోవడమే తప్పని కోర్టు తేల్చింది, 2019లో అక్కడి సుప్రీంకోర్టులో అది ఖరారైంది. ఇక్కడ నాకు ఇబ్బంది పెట్టే నిజం ఒకటుంది. ఆ యాభై నిమిషాల్లో తల్లిదండ్రులు వచ్చి తీసుకెళ్ళిన పిల్లల్లో చాలామంది బతికారు.

అందుకే "స్కూలును నమ్మండి, మీరు రాకండి" అని నేను మీకు రాయలేను. అలా రాయమంటే ఈ పేజీ వద్దంటాను. నేనడిగేది వేరు. నమ్మదగిన ప్లాను ఉందో లేదో మీరు ముందే అడిగి తెలుసుకోండి. ఉంటే, ఆ రోజు గేటు దగ్గరికి రాకండి.

మన డెల్టాలో కొండలు లేవు. బందరు నుంచి కొండ కోసం వెతికితే బెజవాడ దాకా పోవాలి. కాబట్టి మనకు ఎత్తు అంటే కాంక్రీటు భవనమే, షెల్టరు గానీ, మేడ గానీ. మా కార్పొరేట్ స్కూళ్ళకు గ్రౌండు లేదని, అపార్టుమెంటులా నాలుగంతస్తులు కట్టారని మీరు తరచూ దెప్పుతుంటారు. న్యాయమే. ఈ ఒక్క విషయంలో ఆ నాలుగంతస్తులు పనికొస్తాయి, భవనం గట్టిదని ఇంజినీరు తేల్చి ఉంటే. కానీ చాలా స్కూళ్ళలో టెర్రస్ తలుపుకు తాళం ఉంటుంది, పిల్లలు పైకెక్కి పడిపోకుండా. అదీ సబబే. ఆ తాళం చెవి ఎవరి దగ్గర ఉంది? వాచ్‌మన్ దగ్గరా, ఆఫీసు బీరువాలోనా, సెలవులో ఉన్న ఏవో గారి జేబులోనా? మేం చేసే డ్రిల్లు అంతా అగ్నిప్రమాదం కోసం. బెల్లు మోగితే పిల్లలు వరుసగా కిందికి దిగి రోడ్డు మీదికి వెళ్తారు. సునామీకి చేయాల్సింది దీనికి పూర్తి విరుద్ధం, పైకెక్కాలి. ఒకే బెల్లు విని పిల్లలు ఏ వైపు వెళ్ళాలి? బీఈడీలో మాకు లెసన్ ప్లాను ముప్పై సార్లు రాయించారు, ఇలాంటి ప్లాను ఒక్కసారి కూడా రాయించలేదు.

తీరప్రాంత బ్రాంచీల తల్లిదండ్రులు రాబోయే పీటీఎంలో మార్కుల తర్వాత ఒక్క రెండు నిమిషాలు ఈ విషయం అడగండి. సునామీకి వేరే బెల్లు ఉందా, టెర్రస్ తాళం రెండో చెవి ఎక్కడుంది, హెచ్చరిక వస్తే స్కూల్లో ఎవరి ఫోనుకు వస్తుంది, దారిలో ఉన్న బస్సు ఎక్కడ ఆగాలని డ్రైవరుకు చెప్పారు. సమాధానం కాగితం మీద రాసి ఇవ్వమనండి. టీచర్లు అడిగితే ఫైలులోకి వెళ్ళే విషయాలు ఫీజు కట్టే పేరెంట్ అడిగితే నోటీసు బోర్డు మీదికి వస్తాయి. ఇది మేనేజ్‌మెంటు వారికి కూడా తెలుసు కాబట్టే ఈ వాక్యాన్ని ఉంచుతారని ఆశిస్తున్నాను. ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు అరపూట డ్రిల్లు పెడితే, "ఫౌండేషన్ క్లాసు పోయింది" అని ఫోన్ చేయకండి. ఒడిశాలో వెంకట్రాయిపూర్, నోలియాసాహి అనే రెండు చిన్న తీర గ్రామాలు 2020లోనే ఇలాంటి సన్నాహాలన్నీ పూర్తి చేసి యునెస్కో గుర్తింపు తెచ్చుకున్నాయి. మత్స్యకారుల ఊళ్ళకు సాధ్యమైనది మనకు కాకపోవడానికి కారణం కనిపించదు.

ఇంట్లో మీరు చేయాల్సింది తక్కువే. ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. తీరంలో ఉండగా భూమి గట్టిగా ఊగినా, చాలాసేపు ఊగినా, సముద్రం వింతగా ప్రవర్తించినా ఎవరి ఫోనూ రానక్కర్లేదు, లోపలికో పైకో వెళ్ళిపోండి. బంగారం కోసం, బండి కోసం వెనక్కి వెళ్ళొద్దు. ఒక అల తగ్గగానే దిగొద్దు, అధికారులు చెప్పే దాకా పైనే ఉండండి. అనుమానం ఉంటే 112కు గానీ, జిల్లా కంట్రోల్ రూము 1077కు గానీ చేయండి.

ఇది కార్తీక మాసం. మీలో చాలామంది సముద్రస్నానానికి మంగినపూడికో సూర్యలంకకో వెళ్తారు. నీళ్ళలోకి దిగేముందు ఒక్క నిమిషం ఆగి, ఇక్కడి నుంచి దగ్గరలో ఎత్తయిన పక్కా భవనం ఏది, అక్కడికి ఏ దారిన వెళ్ళాలి అని మీ పిల్లల్ని అడగండి. మా ఎనిమిదో తరగతి వాళ్ళయితే మీకంటే ముందు చూపిస్తారు.